పేస్ మేకర్ వుంటే ప్రాణం పోదా?

పేస్ మేకర్ పెట్టించాలి అని చెప్పగానే రోగి బంధువులు ఖర్చు గురించి అడుగుతారు, ఆపరేషన్ గురించి అడుగుతారు. అసలు ప్రశ్న మాత్రం రోగి వినకుండా, గది బయటికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. “ఈ మిషను వుంటే చివరి రోజుల్లో ప్రాణం పోక, మనిషి నానా యాతన పడతాడటగా డాక్టరుగారూ?”

దీనికి జవాబు చెప్పడానికి నాకు రెండు అర్హతలున్నాయి. నేను డాక్టర్ని. పైగా ఆరేళ్ళుగా నా ఎడమ కాలర్ బోన్ కింద, చర్మం అడుగున అలాంటి మిషనే పనిచేస్తోంది.

మన గుండెలో కుడివైపు పైగదిలో ఒక చిన్న కేంద్రం వుంది. విశ్రాంతిగా వున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అక్కడ విద్యుత్ ప్రేరణ పుడుతుంది. అది కింది గదులకు చేరితేనే అవి ముడుచుకుని రక్తాన్ని పంపిస్తాయి. వయసు మీదపడ్డాక కొందరిలో ఈ దారి దెబ్బతింటుంది. దీన్నే ‘హార్ట్ బ్లాక్’ అంటారు. రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు వేరు, ఇది వేరు. స్టెంటు వేస్తే ఇది పోదు.

నాకు నాడి 34కు పడిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూర్చున్నచోటే కళ్ళు బైర్లు కమ్మేవి. వాడుతున్న మందుల వల్ల వచ్చింది కాదని తేల్చుకున్నాక మిగిలిన దారి పేస్ మేకర్ ఒక్కటే. మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి, రక్తనాళం గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, మిషనుకు కలిపారు.

ఇక ఆ ప్రశ్న సంగతి. పేస్ మేకర్ గుండెను పట్టుకుని ఆడించదు. గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే ఊరుకుంటుంది. ఆలస్యం చేస్తే చిన్న ప్రేరణ పంపుతుంది. అంటే తలుపు తట్టడమే దాని పని. లోపల మనిషి లేకపోతే ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు కదా! ప్రాణవాయువు అందక కండరం చచ్చుబడ్డాక మిషను ప్రేరణ పంపినా గుండె కదలదు.

1958 అక్టోబరు 8న స్వీడన్ లోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో ఆర్నె లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలో మొట్టమొదటిసారి శరీరం లోపల పేస్ మేకర్ అమర్చారు. ఆ మిషను కొన్ని గంటలే పనిచేసింది. తరువాత ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ ఆయన 2001 వరకు జీవించారు. చివరికి పోయింది కాన్సర్ తో. మిషను ఆయన చావును ఆపలేదు. 43 ఏళ్ళ బతుకునిచ్చింది.

అయితే ఈ భయంలో కొంత నిజం ఇంకో మిషను విషయంలో వుంది. దాని పేరు ఐ.సి.డి. గుండె ప్రమాదకరంగా పరుగెత్తినప్పుడు షాక్ ఇచ్చి దారిలో పెడుతుంది. 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో దీన్ని తొలిసారి మనిషికి అమర్చారు. నయంకాని జబ్బుతో చివరిదశకు చేరినవారిని ఈ షాకులు బాధించవచ్చు. అప్పుడు షాక్ ఇచ్చే ఏర్పాటును కోతా, కుట్టూ లేకుండా బయటినుంచే ఆపించవచ్చు. ఈ సంగతి డాక్టరుతో ముందుగానే మాట్లాడుకోండి.

మరొక సంగతి ఇంట్లోవాళ్ళకు తప్పక చెప్పాలి. దహనానికి ముందు ఈ మిషన్లను తీయించాలి. మంటల వేడికి బ్యాటరీ పేలుతుంది. నేను మా అబ్బాయికి చెప్పబోతే “ఇప్పుడా మాటలెందుకు నాన్నా” అన్నాడు. అయినా కూర్చోబెట్టి చెప్పాను. మిషను కార్డు ఏ బీరువాలో వుందో చూపించాను.

మిగతావన్నీ చిన్న జాగ్రత్తలే. సెల్ ఫోను ఎడమవైపు చొక్కా జేబులో పెట్టుకోను. కుడిచెవి దగ్గరే పెట్టుకుని మాట్లాడతాను. ఏ పరీక్షకు వెళ్ళినా ముందు కార్డు చూపిస్తాను. చెప్పిన గడువుకు బ్యాటరీ చూపించుకుంటాను.

మీ ఇంట్లో పెద్దవారు వున్నట్టుండి సొమ్మసిల్లి పడిపోతుంటే “వయసు కదా, నీరసం” అని సరిపెట్టుకోకండి. మణికట్టు పట్టుకుని నిండు నిమిషం నాడి లెక్కించండి. లెక్క ఎంత వచ్చినా సరే, ఆ రోజే ఇ.సి.జి. తీయించండి.