టోక్యోలో అద్దె ఇల్లా? పోపు పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

టోక్యోలో నిషికసాయ్ స్టేషన్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎక్కడో ఒకచోట తెలుగు వినపడుతుంది. 2000 సంవత్సరం దగ్గర్లో వైటూకే పనుల మీద వచ్చిన మన ఐటీ వాళ్లు, ఆఫీసులకు తోజాయ్ లైన్‌లో తేలిగ్గా వెళ్లొచ్చని ఇక్కడ చేరారు. ఇప్పుడు కందిపప్పు, ఇడ్లీ రవ్వ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. నేనూ మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. కందిపప్పు దొరికినంత తేలిగ్గా ఇల్లు మాత్రం దొరకదు.

నేను వెతికేటప్పుడు ఏజెంటు నా ఎదురుగానే ఓనర్లకు ఫోన్ చేసేవాడు. విదేశీయుడు అనగానే మూడు చోట్ల కుదరదన్నారు. ఇది నా ఒక్కడి కథ కాదు. 2017లో జపాన్ న్యాయశాఖ ప్రకటించిన సర్వేలో, అంతకుముందు ఐదేళ్లలో ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 39 శాతం మంది, విదేశీయులన్న కారణంతోనే తమకు ఇల్లు ఇవ్వలేదని చెప్పారు. అది అన్యాయమే. కానీ ఓనర్ల భయమేంటని ఏజెంటును అడిగితే మూడే మాటలు చెప్పాడు. చెత్త, చప్పుడు, వంట వాసన. మూడూ మన చేతిలో ఉన్నవే.

ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీ

ఇక్కడ అద్దె ఇంట్లో చాలాసార్లు లైట్లు, స్టవ్ కూడా ఉండవు. అడ్వాన్సును 'షికికిన్' అంటారు. అది కాక 'రేకిన్' అని ఓనర్‌కు కృతజ్ఞతగా ఇచ్చే డబ్బు ఉంటుంది, అది తిరిగి రాదు. యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఇళ్లకైతే రేకిన్, హామీదారు, రెన్యువల్ ఫీజు ఏవీ అక్కర్లేదు. జీతం వాళ్ల నిబంధనకు సరిపోతే చాలు.

గ్యాస్ కనెక్షన్ మనం ఇంట్లో ఉంటేనే ఇస్తారు. ఇంట్లో చేరే రోజుకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. లేదంటే జనవరిలో చన్నీళ్ల స్నానమే. కొత్త చిరునామాను 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో నమోదు చేయించుకోవాలి.

అమ్మ మిక్సీ ప్యాక్ చేస్తానంటే వద్దనండి. ఇక్కడ కరెంటు 100 వోల్టులే. ప్లగ్ మార్చినా మన మిక్సీ సరిగ్గా తిరగదు. ట్రాన్స్‌ఫార్మర్ మోసుకొచ్చే బదులు ఇక్కడే ఒక బ్లెండర్ కొనుక్కోవడం మేలు.

చెప్పులు, స్నానం

చెప్పులు బయట విడవడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ గుమ్మం లోపల ఒక మెట్టు కిందికి 'గెంకన్' అనే చోటు ఉంటుంది, అక్కడే విడవాలి. టాయిలెట్‌కు వేరే స్లిప్పర్లుంటే అవి ఆ తలుపు దాటి బయటికి రాకూడదు. తాతామి చాపల మీదికైతే ఏ స్లిప్పర్లూ వద్దు.

స్నానాల గది చూస్తే మనూరు గుర్తొస్తుంది. చిన్న పీట, చెంబు లాంటి గిన్నె, నేలంతా తడిసినా పర్లేదు. ఒళ్లంతా రుద్ది కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. ఆ వేడినీళ్లు ఇంట్లో అందరికీ. ఎవరింటికైనా వెళ్లినప్పుడు మీ స్నానం అయిందని నీళ్లు వదిలేయకండి. తర్వాత ఇంకొకరు దిగుతారు. చాలా ఇళ్లలో మిగిలిన నీళ్లను వాషింగ్ మెషీన్‌లోకి తోడి బట్టలు కూడా ఉతుకుతారు.

చెత్తకూ టైమ్‌టేబుల్

కాలే చెత్త, కాలనిది, ప్లాస్టిక్, సీసాలు... దేని రోజు దానిదే. మా వార్డులో ఆ రోజు ఉదయం 8 లోపు పెట్టాలి. ముందు రాత్రే పెడితే కాకులు చింపి వీధంతా పరుస్తాయి. వల ఉంటే సంచి మీద సరిగ్గా కప్పండి. నీళ్ల బాటిల్ మూత, లేబుల్ తీసి, కడిగి, నొక్కి వేయాలి. రోజు తప్పిన సంచిని తీసుకెళ్లరు, స్టిక్కర్ అతికించి అక్కడే వదిలేస్తారు. పొద్దున వెళ్లేవాళ్లంతా దాన్ని చూస్తారు.

గారెలు వేశాక నూనె సింకులో పోయకండి. వేడి నూనెలో కలిపితే గడ్డకట్టే పొడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. ఆ గడ్డను కాలే చెత్తలో వేయొచ్చు. మంచాలు, సోఫాలు పారేయాలంటే ముందే బుక్ చేసి, కన్వీనియెన్స్ స్టోర్‌లో స్టిక్కర్ కొని అతికించాలి. టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్లకు చట్టమే వేరు, రీసైకిల్ ఫీజు కట్టాలి. ఇండియా వెళ్లిపోయేవాళ్లు ఈ పని నెల ముందే మొదలుపెట్టండి.

గోడ పల్చన, పోపు ఘాటు

చెక్క ఇళ్లలో పక్కింటి దగ్గు కూడా వినిపిస్తుంది. రాత్రి 9 దాటాక వాషింగ్ మెషీన్, బ్లెండర్ వద్దు. మన అసలు చప్పుడు వీడియో కాల్. ఇంటి దగ్గర రాత్రి 9కి అమ్మ తీరిగ్గా ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, గొంతు తగ్గించండి.

పోపు మానక్కర్లేదు. స్టవ్ పైన ఫ్యాన్ వేయండి. 100 యెన్ల షాపులో ఆ ఫ్యాన్‌కు ఫిల్టర్, స్టవ్ చుట్టూ పెట్టే అల్యూమినియం తెర దొరుకుతాయి. ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదల ఓనర్ ఖర్చు, తుడవక పేరుకున్న వంటింటి జిడ్డు మన ఖర్చు. ఇంట్లో చేరిన రోజే గోడలు, నేల, అన్నిటికీ ఫొటోలు తీసి దాచుకోండి.

పోయినేడు మా పై గది ఖాళీ అయితే గుంటూరు కుర్రాడొకడు అడిగాడు. ఓనర్ ఏజెంటును అడిగిన ప్రశ్న ఒక్కటేనట, "కింద ఉన్న అబ్బాయిలాంటివాడేనా?" అని. ఇల్లు ఇచ్చాడు. మన చెత్త సంచిని బట్టి మన తర్వాత వచ్చేవాడి గతి తేలడం న్యాయం కాదు. కానీ ఇప్పటికి ఇక్కడ జరుగుతున్నది అదే.

పక్కింటి తలుపు

చేరిన వారంలోనే పక్కవాళ్లకు ఒక చిన్న టవలో, సబ్బుపొడో ఇచ్చి పేరు చెప్పండి. టోక్యో అపార్ట్‌మెంట్లలో ఈ అలవాటు తగ్గుతోంది, అయినా మనకు పనికొస్తుంది. ఒక రాత్రి భూమి గట్టిగా ఊగినప్పుడు నా తలుపు కొట్టి, బాగున్నావా అని అడిగింది నేను టవల్ ఇచ్చిన పక్కింటి పెద్దావిడే. గ్యాస్ మీటర్ ఎక్కడుందో ఆవిడే చూపించింది. తీవ్రత 5 స్థాయిలో ఊగితే ఆ మీటరు గ్యాస్‌ను తనంతట తానే ఆపేస్తుంది. వాసన ఏమీ లేకపోతే స్టవ్, గీజర్ అన్నీ కట్టేసి, మీటరు బటన్ నొక్కి 3 నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. బీరువా గోడకు బిగించి ఉండాలి. ఇంట్లో మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం 3 రోజుల నీళ్లు ఉంచుకోండి. అంబులెన్స్‌కు 119, పోలీసులకు 110.

జపనీస్ రాకపోయినా ఒక్క మాట నేర్చుకోండి. గడప దాటేటప్పుడు ఇక్కడివాళ్లు 'ఇత్తెకిమాసు' అంటారు. అచ్చంగా మన 'వెళ్లొస్తా'నే. ఆవిడ వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తుంటే నేనూ అదే అని ఆఫీసుకు బయల్దేరతా. "ఇత్తెరష్షాయ్" అంటుంది, వెళ్లి రా అని.