అబ్బా కంప్యూటర్‌కి నెట్ లేదు

రెండేళ్ల కింద ఎవడో ఫోన్‌లో మీఠా మీఠాగా మాట్లాడి మా అబ్బా పెన్షన్ పైసలు ఊడ్చుకుపోయాడు. అప్పట్నుంచి బోధన్‌లో మా ఇంట్లో ఇంటర్నెట్ హరామ్. నా పాత డెస్క్‌టాప్ ఆయన మేజా మీద పెట్టిన రోజే నాతో కసమ్ వేయించుకున్నారు: "ఇస్కో నెట్ నక్కో లగా". నా మొబైల్ తగిలిస్తే పది నిమిషాల కామ్. కానీ కసమ్ కసమే కదా.

కంప్యూటర్ ఎందుకంటే, ఆయన దగ్గర ఏడు నోట్‌బుక్కులున్నాయి. మా మొహల్లాలో ఏ ఖాందాన్ ఎక్కడి నుంచి వచ్చింది, చక్కెర ఫ్యాక్టరీలో ఎవరు ఏ పని చేశారు, ఎవరి కబర్ ఏ చెట్టు కింద ఉంది, అన్నీ ఉర్దూలో చేత్తో రాసుకున్నారు. కాలా మోతియా వచ్చి ఇప్పుడు సొంత రాతే ఆయనకి కనపడదు. నా బిడ్డలకేమో అలిఫ్ బే రాదు.

డెబియన్ డీవీడీతో లైనక్స్ ఎక్కించాను. లిబ్రేఆఫీస్ అందులోనే వచ్చింది. "ముఫ్త్‌లోనా? చోరీ మాల్ కాదు కదా?" అన్నారు. కాదబ్బా, కాపీ చేసి పంచుకోమని లైసెన్సులోనే ఇజాజత్ రాసి ఉంటుందని చెప్పాను. ఆయనకి ఉర్దూ ఫొనెటిక్, నాకు తెలుగు ఆర్‌టీఎస్ రెండూ ఒకచోట ఇచ్చే ఐబస్-ఎం17ఎన్ మాత్రం పెట్టాలి.

హైదరాబాద్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. డీపీకేజీ మొండికేసింది. దానికి లిబ్‌ఎం17ఎన్ కావాలట, దానికి మళ్లీ ఎం17ఎన్-డీబీ, లిబోటిఎఫ్. షాదీకి ఒక్కణ్ణి పిలిస్తే కుటుంబమంతా దిగినట్టు. నెట్ ఉంటే ఏపీటీ తనే అందర్నీ పిలుచుకొస్తుంది, లేకపోతే దావత్‌నామా మనమే మోయాలి.

మరో ఆదివారం అన్నీ పట్టుకెళ్లాను. అన్నీ ఏఎండీ64! అబ్బా మెషీన్‌లో ఉన్నది 32 బిట్, ఐ386. జర్నలిస్టుని, చూసుకోవద్దా? బస్సులో తిరిగొస్తుంటే శరమ్ వేసింది. ఒక్కో వారం ఆయన కళ్ల లెక్కలోంచి పోతోంది మరి.

మూడోసారి డెబియన్ ప్యాకేజీల పేజీలో ఒక్కోదాని కింద ఏమేం కావాలో చదివి, ఐ386వే తీసుకుని, ఎస్‌హెచ్‌ఏ256 నంబర్లు ప్రింటు తీసుకుని వెళ్లాను. రాస్తాలో ఫైలు పాడైనా, ఎవరన్నా మార్చినా ఆ నంబరు మారిపోతుందంటే అబ్బాకి చాలా పసందైంది. భూతద్దం పట్టుకుని కాగితం మీది 64 అక్షరాలూ హాజిరీ పిలిచినట్టు పిలిచారు. నేను స్క్రీన్ చూసి "హాజిర్" అనాలి. నాలుగు ఫైళ్లకీ అంతే. ముప్పై ఏళ్లు క్లాసులో పిలిచిన గొంతు, ఒక్క సున్నా కూడా వదల్లేదు.

ఈసారి అన్నిటినీ ఒకే హుకుంలో ఇచ్చాను, ముందెవరో వెనకెవరో డీపీకేజీనే సర్దుకుంది. నోటో నస్తాలీక్ ఫాంట్‌కి ఆ బఖేడా లేదు, ఇంటి ఫోల్డర్‌లో ఫాంట్ల చోట కాపీ చేస్తే చాలు.

అబ్బా ఒక్కో కీ వెతుక్కుంటూ మా మొహల్లా పేరు కొట్టారు. హర్ఫులు ఒకదాని మీదికొకటి వాలి నస్తాలీక్‌లో కలిశాయి. మొహం స్క్రీన్‌కి దగ్గరగా పెట్టి, "బడా కర్" అన్నారు. 36 చేశాను.

"ఔర్ బడా."

72 చేశాను. చెష్మా తీసి తుడుచుకుని, మొదటి నోట్‌బుక్ నా చేతికిచ్చి "పఢ్" అన్నారు.