ముత్యంలో పుర్రె

మన కవిసమయాలలో ఏనుగు కుంభస్థలం ముత్యాలకు పుట్టినిల్లు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యానికి ఎనిమిది జన్మస్థానాలు చెప్పి, వాటిలో ఏనుగునే మొదట పేర్కొన్నాడు. తలలో ముత్యం దొరుకుతుందని మన పూర్వులు భావించగా, జపాన్ శిల్పి షింజి నకబా ముత్యాన్నే తలగా, మాంసం రాలిన పుర్రెగా మలిచి ఆభరణాలలో పొదిగాడు.

ఉద్యోగరీత్యా రాయపూర్‌లో ఉంటున్న నాకు ఆ పుర్రెల ఛాయాచిత్రాలు చూడగానే ఛత్తీస్‌గఢ్‌లోని తాలా రుద్రశివుడు గుర్తుకు వచ్చాడు. ఆ విగ్రహానికి ముక్కు బల్లి, చెవులు నెమళ్ళు. పొట్టపైనా తొడలపైనా మానవముఖాలు. ఒక రూపంలో మరొక రూపాన్ని దర్శించడం శిల్పికి సహజమే. అయితే రాతికి ఉలి అలవాటు, ముత్యానికి కాదు.

ముత్యాలతో తెలుగువారి అనుబంధం ప్రాచీనమైనది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సుంకం విధించిన సరకులలో ముత్యాలూ ఉన్నాయి. సముద్రం లేని హైదరాబాదు ముత్యాల నగరమయింది. 1995లో భారత ప్రభుత్వం కొన్న 173 నిజాం ఆభరణాలలో ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఒకటి. మన పనివారి నేర్పు అంతా బెజ్జం వేయడంలోనే ఉంది. దారం పట్టేంత రంధ్రం తప్ప ముత్యంపై మరే గాయమూ పడరాదన్నది వారి నియమం.

చెక్కేవాడు ఆ నియమాన్ని దాటుతాడు. ముత్యం పొరపొరలుగా పెరుగుతుంది. సముద్రంలో పెంచే ముత్యాలలో సాధారణంగా గవ్వచిప్పతో చేసిన పూస ఉంటుంది, పైపొర పలుచన. కాస్త లోతుగా చెక్కితే కాంతిలేని పూస బయటపడుతుంది. మంచినీటి ముత్యాలలో అధికభాగానికి అటువంటి పూస ఉండదు, లోపలంతా పొరలే. ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ విద్యకు ప్రాణం.

మా నాన్నగారు పోయిన తరువాత మా అమ్మ తన ముత్యాలపేటను పెట్టెలో దాచేసింది. మరణం వచ్చిన ఇంట స్త్రీ ఆభరణం తీసివేయాలన్నది ఆచారం. పన్నెండేళ్ళు గాలి తగలని ఆ ముత్యాలు పసుపుబారాయి. పుర్రెలనే హారంగా ధరించిన శివుణ్ణి నిత్యం పూజించే ఇంట్లో మరణానికీ ఆభరణానికీ ఈ వైరం ఎందుకని చరిత్ర చదువుకున్న నాకు చాలాకాలంగా సందేహం.

ఆ చిత్రాన్ని అమ్మకు చూపించాను. ఆమె భయపడలేదు, అసహ్యించుకోలేదు. "ఎంత ముత్యమైనా కాలిస్తే మిగిలేది సున్నమే కదరా" అన్నది. తాంబూలం వేసుకునే మనిషికి రసాయనశాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

కొన్నాళ్ళకు ఆ పేటను తానే బయటికి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, కొత్త దారానికి గుచ్చమన్నది. మనుమరాలికి ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. నాన్నగారి తద్దినం నాడు తానే ధరించింది. వచ్చిన బంధువులు కొందరు చూపులు మరల్చుకున్నారు. అమ్మ మాత్రం వడ్డన చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నది.