చక్రాల మీద ఇల్లు

1996లో నేను ఉద్యోగరీత్యా రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ ప్రాంతంలో ఉండేవాణ్ణి. ఆ శీతాకాలంలో మా కాలనీ గేటు ఎదుట, వేపచెట్టు క్రింద, ఒక గాడియా లోహార్ కుటుంబం వచ్చి దిగింది. వారు సంచారం చేసే కమ్మరులు. ఎడ్లబండే వారి ఇల్లు. దిట్టమైన కొయ్యపెట్టె, ప్రక్క పలకల నిండా చెక్కడాలు, ఇత్తడి రేకుల అలంకారం. లోపల గింజలూ బట్టలూ. పైన తలక్రిందులుగా పెట్టిన మంచం.

1568లో చిత్తోడ్ కోట అక్బరు వశమైనప్పుడు, అది తిరిగి దక్కేదాకా కప్పు క్రింద నివసించమనీ, మంచంపై పరుండమనీ తమ పూర్వులు శపథం చేశారని వారు చెప్పుకుంటారు. 1955లో ప్రధాని నెహ్రూ స్వయంగా వారిని కోటలోనికి తోడ్కొని వెళ్ళారు. అయినా ఎన్నో కుటుంబాలు బండిని విడువలేదు.

ఒక ఆదివారం అతడు చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూశాను. నాలుగడుగుల వ్యాసం గల పట్టాను ఎర్రగా కాలిస్తే చుట్టుకొలత సుమారు అంగుళం పెరుగుతుంది. కొయ్యచక్రంపై దించి నీళ్ళు పోయగానే ముడుచుకొని బిగుస్తుంది. మేము షాఫ్టుపై బేరింగు ఎక్కించే సూత్రమే! కాకపోతే అతని వద్ద కొలతపట్టీ కూడా లేదు. భర్త పట్టకారు పట్టగా భార్య సమ్మెట వేసేది. మా శ్రీమతి నేలపై బొమ్మ గీసి చూపితే చక్కని అట్లకాడ చేసి ఇచ్చారు.

వేసవిలో వారి ఎద్దు ఒకటి చనిపోయింది. రెండవదాన్ని కొనడానికి అయిదు వందలు తక్కువయ్యాయని, పని చేసి తీరుస్తానని అతడు అడిగాడు. "రేపు బండి కట్టుకొని వెళ్ళిపోతే నిన్నెక్కడ వెతకను?" అన్నాను. అతడు మారు మాట్లాడలేదు. మా శ్రీమతి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మూడు నెలలు తిరక్కుండానే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాను లారీకెక్కిస్తుండగా ఇనుప ట్రంకుపెట్టె బందు ఊడిపోయింది. ఎదురుగా, ఒంటి ఎద్దుతో, బండి అక్కడే ఉంది. పిలవకుండానే అతడు వచ్చి, బందు సరిచేసి, రివెట్లు కొట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "వెళ్ళేవారి వద్ద తీసుకోకూడదు సాబ్" అన్నాడు.

ఆ తరువాత ఆరు క్వార్టర్లు మారాము. వచ్చే ఏడు పదవీ విరమణ. బందు ఇంకా ఊడలేదు.