ట్యూబు మూత తీసే ముందు

ముఖం మీద చిన్న మచ్చ కనబడితే చాలు, డాక్టరు దగ్గరికి వచ్చేలోపే మనవాళ్లు దాని మీద ఏదో ఒకటి పూసేసి ఉంటారు. ఏం పూశారని అడిగితే పేరు గుర్తుండదు. "మందుల షాపతను ఇచ్చాడండీ, తెల్ల ట్యూబు" అంటారు. నా ప్రాక్టీసులో నన్ను అన్నిటికన్నా విసిగించినదీ, బాధపెట్టినదీ ఈ తెల్ల ట్యూబే. ఏ మందూ అక్కర్లేని చోటికి కూడా నాకంటే ముందే చేరిపోతుంది. బరువులెత్తే కుర్రాళ్ల ముఖాల మీద లేచే ఎర్రచుక్కల సంగతే చూడండి.

మాది విజయనగరం వైపు. బరువులెత్తడం మాకు కొత్త కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడిది మా ఉత్తరాంధ్రే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది పక్కనున్న శ్రీకాకుళం జిల్లా. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడకైతే వెయిట్‌లిఫ్టర్ల ఊరనే పేరు. ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ జిమ్‌లు వెలిశాయి. పిల్లలు ఒళ్లు గట్టిచేసుకుంటున్నారంటే నాకు సంతోషమే.

అలాంటి ఒక కుర్రాణ్ణి వాళ్లమ్మ వెంటబెట్టుకొచ్చింది. రెప్పల మీద, కళ్ల చుట్టూ, బుగ్గల మీద, మెడ దాకా గుండుసూది మొనంత ఎర్రచుక్కలు. నొప్పి లేదు, దురద లేదు. "డెంగూయేటి బాబూ? నిన్నట్నుంచీ బొప్పాయాకు రసం పోస్తన్నాను" అంటూ ఆవిడ కళ్లొత్తుకుంది. జ్వరం లేదు. చిగుళ్లలో రక్తం లేదు. చొక్కా విప్పించి చూస్తే ఛాతీ కింద ఒక్క చుక్కా లేదు. ముందురోజు ఏం చేశావని అడిగాను. స్నేహితులతో పందెం వేసి, ఎప్పుడూ ఎత్తనంత బరువు డెడ్‌లిఫ్ట్ చేశాడట. ఊపిరి బిగబట్టి, ముక్కి మరీ ఎత్తాడట.

జబ్బంతా ఆ ముక్కడంలోనే ఉంది. గొంతు మూసుకుని ముక్కినప్పుడు ఛాతీలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. తల నుంచి గుండెకు దిగాల్సిన రక్తం ఆగిపోతుంది. తూము మూసేస్తే నీరు వెనక్కి ఎగదన్ని పిల్లకాలువల గట్లు తెగినట్టు, రెప్పల దగ్గరి సన్నని రక్తకేశనాళికలు చిట్లుతాయి. చర్మం కింద చిందిన ఆ రక్తపు బొట్లే ఈ చుక్కలు. గాజుగ్లాసు ఆనించి నొక్కినా ఎరుపు పోదు. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి బీపీ కొలిచారు. రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు సగటున 320/250కి చేరింది. ఒకరికి 480/350 కూడా దాటింది. కాన్పులో గట్టిగా ముక్కిన తల్లికీ, ఆగకుండా వాంతులయిన మనిషికీ, కోరింతదగ్గు పట్టిన పసివాడికీ ఇవే చుక్కలు వస్తాయి.

వైద్యం? ఏమీ లేదు. ఎరుపు ఊదాగా, ఊదా గోధుమరంగుగా మారి వారం పది రోజుల్లో చుక్కలు వాటంతటవే పోతాయి. అన్నాళ్లూ పెద్ద బరువుల జోలికి వెళ్లకూడదు. ఆ తర్వాత ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. పోటీల్లో లిఫ్టర్లు నడుము నిలబడటానికి ఊపిరి బిగబడతారు గానీ అది కోచ్ పక్కన నిలబడి నేర్పే విద్య, క్షణాల పని. బీపీ ఉన్నవాళ్లకూ, గ్లకోమా ఉన్నవాళ్లకూ అది పనికిరాదు.

ఇంత చెప్పి పంపిస్తే తృప్తి ఉండదు. "మందేం రాయలేదు" అనుకుంటూ మెట్లు దిగుతారు. మందు రాయకపోవడం కూడా వైద్యమేనని ఎంత చెప్పినా నమ్మరు. నమ్మనివాళ్ల కోసం షాపులో ట్యూబు సిద్ధంగా ఉంటుంది. అందులో చాలాసార్లు ఉండేది బలమైన స్టెరాయిడ్. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడిగే షాపులు తక్కువే.

ఇలాగే చుక్కలకని కొన్న ట్యూబును నెలల తరబడి పూసి వచ్చాడు ఇంకో అబ్బాయి. చుక్కలు వాటంతటవే పోయాయి. ఘనత ట్యూబుకు దక్కింది. ముఖం తెల్లబడిందని రోజూ పూశాడు. మానేస్తే మంట, మళ్లీ పూస్తే ఉపశమనం. నా దగ్గరికి వచ్చేసరికి చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు పైకి తేలి, బుగ్గల నిండా మొటిమలు. ఎండలోకి వెళ్లలేకపోతున్నాడు. స్టెరాయిడ్ పూతతో పలచబడిన చర్మంలో కేశనాళికలు మరింత సులువుగా చిట్లుతాయి. చుక్కలకని పూసిందే కొత్త చుక్కలకు దారి తీస్తుంది. పెళ్లిచూపులకు రానని గదిలో కూర్చున్నాడని వాళ్ల నాన్న చెబుతుంటే కోపమంతా దిగిపోయి గుండె బరువెక్కింది. వాడు మెల్లగా కోలుకున్నాడు. కానీ పైకి తేలిన రక్తనాళాలు పూర్తిగా పోలేదు.

అక్కర్లేని మందు పూయడం ఒక వైపైతే, అసలు జబ్బును జిమ్ చుక్కలేలే అని వదిలేయడం రెండో వైపు. అది ఇంకా భయపెట్టే సంగతి. ఒక పిల్లాడికి కాళ్ల మీద కూడా చుక్కలు వచ్చాయి, పళ్లు తోముకుంటే రక్తం వచ్చింది. "జిమ్‌కెళ్లేవాళ్లకి మామూలే" అని పక్కవాళ్లు తేల్చేశారు. మా దగ్గర పరీక్ష చేస్తే లక్షన్నరకు తగ్గకుండా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు వేలల్లో ఉన్నాయి. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. బతికాడు. వ్యాయామం తెచ్చే చుక్కలు ముఖం, మెడ, భుజాల దగ్గరే ఆగుతాయి. కాళ్ల మీదికో పొట్ట మీదికో పాకితే, జ్వరం ఉంటే, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం వస్తే, రోజూ కొత్తవి వస్తుంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అది జిమ్ పని అనుకోకండి. ఆ రోజే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించుకోండి.

బరువులెత్తే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎత్తండి, కానీ ఊపిరి వదులుతూ ఎత్తండి. చుక్కలొస్తే అద్దం ముందు భయపడకండి, ఒళ్లంతా ఒకసారి చూసుకోండి. ముఖం మీదే ఉండి మరే ఇబ్బందీ లేకపోతే పది రోజులు ఓపిక పట్టండి. డాక్టరు చీటీలో రాసివ్వని ఏ ట్యూబూ మీ ముఖం మీదికి రానివ్వకండి.