తిరువయ్యారులో ఇద్దరు

తంజావూరుకు దగ్గరే తిరువయ్యారు. ఆరాధన రద్దీ తగ్గాక మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. సంగీతం నేర్చుకుంటోంది కానీ, మద్రాసులో పుట్టిన పిల్ల, తెలుగు చదవడం రాదు.

కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. 1847లో సిద్ధిపొందిన ఆయన రాజుగారి కానుకలు వద్దన్నారని పెద్దలు చెబుతారు. ధనం వద్దన్న మహానుభావుడికి తన ధనమంతా ధారపోసి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. ఆవిడ దేవదాసి ఇంట పుట్టారు. గుడికి ఆవిడ డబ్బు పనికొచ్చింది. ఆరాధనలో మాత్రం ఆడవాళ్ళు పాడకూడదన్నారు. లోకంలో డబ్బుకు మైల లేదు, గొంతుకే మైల! ఆవిడ ఊరుకోక ఆడవాళ్ళ చేతనే వేరే ఆరాధన జరిపించారు.

అంతటి భక్తురాలే 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అచ్చు వేయించారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. మగవాడు రాస్తే శృంగారం, ఆడది రాస్తే అశ్లీలం! పుస్తకంలో అక్షరాలు మారవు, చదివేవాడి కళ్ళజోడే మారుతుంది.

1952లో కన్నుమూసిన నాగరత్నమ్మగారి సమాధీ అక్కడే ఉంది. స్వామి వైపే చూస్తున్న ఆవిడ విగ్రహం దగ్గర మా అమ్మాయి ఆగింది.

“అమ్మా, నేనిక్కడ పాడొచ్చా?”

“ఆవిడ పోట్లాడింది అందుకేనే తల్లీ! పాడు.”

పాడింది. ఎవరూ వద్దనలేదు. తిరుగు బస్సులో నన్నడిగింది: “తెలుగు అక్షరాలు నేర్పుతావా?”