మూడు ఊళ్లు, ఒక అడ్వాన్స్

మా రాజమండ్రి వాళ్లకి ఒక జబ్బుంది. ఎక్కడ ఏ వంతెన చూసినా "మా గోదారి బ్రిడ్జి ముందు ఇదెంత" అంటాం. రైలు వంతెనలే మూడు మరి. 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997లో రిటైరైపోయింది. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే, కాబట్టి దాని మీద రైలు చూసే అదృష్టం దక్కలేదు. కింద రైలు, పైన రోడ్డు ఉండేది 1974 నాటిది, నాలుగు కిలోమీటర్ల పైమాటే. నాన్న స్కూటర్ ముందు నిలబడి కొవ్వూరు వెళ్తుంటే, కింద రైలొచ్చినప్పుడు రోడ్డంతా సన్నగా వణికేది. ఆ వణుకు కోసమే నేనూ వస్తానని పేచీ పెట్టేవాణ్ణి. తిరిగొచ్చాక మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్.

2019లో ఇంజినీరింగ్ అయ్యాక అమీర్‌పేట. మీలో సగం మంది ఆ హాస్టల్ మంచాలు ఎక్కినవాళ్లే అయ్యుంటారు, ఎక్కువ చెప్పను. నలుగురికి ఒక గది, నాలుగు ఫోన్లకి ఒక ప్లగ్గు. నేను వెళ్లేసరికే మెట్రో వచ్చేసింది. రెండు లైన్లు అక్కడే కలుస్తాయి కదా, సాయంత్రమైతే మెడలో ఐడీ కార్డులతో జనం మెట్లు దిగేవాళ్లు. కింద మా బ్యాచ్ టీ తాగుతూ చూసేది. కుళ్లని కాదు గానీ... కొంచెం కుళ్లే.

నాకు ఐడీ కార్డు బెంగళూరులో దొరికింది. మారతహళ్లిలో పీజీ. అక్కడ కన్నడ రాకపోయినా బతికేయొచ్చు, అడుగడుక్కీ ఆంధ్రా మీల్స్ బోర్డే. కింద కిరాణా కొట్టు పెద్దాయన మాత్రం రోజూ "ఊట ఆయ్తా?" అనేవాడు. మొదట్లో భోజనానికి పిలుస్తున్నాడనుకున్నా. తర్వాత తెలిసింది, మన "తిన్నావా" లాగే అదీ పలకరింపేనని. ఊరుకాని ఊళ్లో రోజూ ఆ మాట అడిగే మనిషి ఒకరుండటం చిన్న విషయమేం కాదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది, లాప్‌టాప్‌తో మళ్లీ రాజమండ్రి చేరాను. కాస్త సడలించాక పొద్దున్నే నాన్నతో పుష్కరఘాట్ దాకా నడక. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఘాట్ మెట్ల మీద ఆయనకో బ్యాచ్ ఉంది. "రండి మాస్టారూ" అంటే చాలు, గంట కూర్చుంటారు. నీళ్లు ఎర్రబడితే ఎగువన వానలు పడ్డాయని అర్థమని అక్కడే నేర్చుకున్నా. పదో తరగతి దాకా ఆయనతో అంతసేపు మాట్లాడింది లేదు, భయం.

ఇప్పుడు ఉద్యోగం హైదరాబాద్‌లో. నల్లగండ్లలో ఒక ఫ్లాట్ చూశాను, పన్నెండో అంతస్తు. వాళ్లిద్దర్నీ తెచ్చేసుకోవాలని నా ప్లాన్. వీడియో కాల్‌లో లిఫ్టు, బాల్కనీ, వాకింగ్ ట్రాక్ అన్నీ చూపించా.

"బాగుందిరా. ట్రాక్ పొడవెంత?"

"నాలుగొందల మీటర్లు నాన్నా."

"అంటే తిరిగిన చోటే తిరగాలన్నమాట" అని నవ్వేశారు.

వెనక నుంచి అమ్మ, "ఈయనకి గోదారి కావాలి. నాకు పొద్దున్నే మోటారు వేసే పనిలేని ఇల్లు కావాలి. నువ్వు కొనెయ్యి" అంది.

నెలాఖరులోపు అడ్వాన్స్ కట్టాలి. అదే డబ్బుకి రాజమండ్రిలో మంచి ఇల్లే వస్తుంది, ఆఫీసు రాదు. శుక్రవారం రాత్రి గౌతమికి టికెట్ తీసుకున్నా. ఘాట్ దగ్గరే ఈ సంగతి నాన్నతో మాట్లాడాలి. ఆయన బ్యాచ్ ముందు కాదు, కొంచెం అవతల మెట్ల మీద.